నరకలోయలో కోతుల జలకాలు

జపాన్‌లో నాగానో అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడ యోకోయు ఏటి ఒడ్డున ఒక లోయ పేరు జిగొకుదాని. జిగొకు అంటే నరకం, దాని అంటే లోయ. రెండు పక్కలా నిట్టనిలువు చరియలు, రాళ్ల సందుల్లోంచి సలసల కాగుతూ తన్నుకొచ్చే నీళ్లు, ఎటు చూసినా ఆవిరి. ఇదంతా చూసి పూర్వం అక్కడివాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు. సముద్రమట్టానికి 850 మీటర్ల ఎత్తులో ఉంది. ఏడాదిలో నాలుగు నెలలు నేల కనిపించదు, అంతా మంచే. మనుషులు నరకమని పిలిచిన ఆ చోట కోతులు మెడదాకా వేణ్నీళ్లలో మునిగి, నెత్తిన మంచు రాలుతున్నా కదలకుండా, కళ్లు మూసుకుని కూర్చుంటాయి.

ఆ బొమ్మను క్యాలెండర్లోనో ఫోన్లోనో చూడనివాళ్లు తక్కువ. 1970 జనవరి 30న అమెరికాలోని 'లైఫ్' పత్రిక మంచుకోతిని ముఖచిత్రంగా వేశాక అది ప్రపంచమంతా తిరిగింది. హోసూరు ప్రాంతంలో తెలుగు మాధ్యమం పిల్లలకు పాఠాలు చెప్పే మేమిద్దరం మొన్నటి అరసంవత్సర పరీక్షల సెలవుల్లో టోక్యోలో ఉన్న బంధువుల ఇంటికి వెళ్లి, అక్కడినుంచి ఈ కోతులను చూసొచ్చాం.

బయలుదేరే ముందు మా ఏడో తరగతి పిల్లలు కాగితం నిండా ప్రశ్నలు రాసిచ్చారు. "ఆ నీళ్లు ఎవరు కాచిపెడతారు?", "స్నానం చేసి బయటికొస్తే వణుకు రాదా?", "తువ్వాలు ఎవరిస్తారు?", "మన కోతులు ఎందుకు చేయవు?" ఇలా సాగింది జాబితా. అడుగున ఒక పిల్ల పెన్సిలుతో చిన్న అక్షరాల్లో రాసింది: "అవి అడవి కోతులేనా టీచర్, పెంచిన కోతులా?" మిగతావాటికి జవాబులు అక్కడే దొరికాయి. ఈ చివరిదానికి మాత్రం తిరిగొచ్చాక కూడా ఒక్క మాటలో చెప్పలేకపోయాం.

టోక్యో నుంచి నాగానోకు షింకన్‌సెన్ రైల్లో గంటన్నర ప్రయాణం. 1998 శీతాకాల ఒలింపిక్స్ నాగానోలో జరిగాయి, ఆ లైను అంతకు ముందు ఏడాదే తెరిచారు. నాగానో నుంచి యుదనాక దాకా చిన్న రైలు, దాని పేరే 'స్నో మంకీ'. అక్కడ బస్సెక్కి కాన్‌బయాషి అనే ఊళ్లో దిగాలి. ఆపైన వాహనాలు పోవు. పొడవాటి సుగి చెట్ల మధ్య 1.6 కిలోమీటర్ల కాలిబాట. తొక్కి తొక్కి మంచు గాజుపలకలా గట్టిపడి ఉంటుంది. కావేరీపట్నం ఎండలకు అలవాటుపడిన కాళ్లు ఆ బాట మీద ఎలా నడిచాయో చెప్పకపోవడమే మంచిది.

బాటలో సగం దాటామో లేదో మొదటి కోతి ఎదురొచ్చింది. ఎర్రటి ముఖం, బూడిద గోధుమ రంగులు కలిసిన ఒత్తయిన బొచ్చు, బెత్తెడు తోక. మా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. మా ఊళ్లో అయితే ఈపాటికి చేతి సంచి ఎవరి దగ్గరుందో, అందులో ఏముందో లెక్క వేసుకునేది. ఈ కోతికి మా సంచితో పని లేదు. ఎందుకు లేదన్నది తర్వాత అర్థమైంది.

లోపలికి వెళితే కంచె లేదు, బోను లేదు. కోతులు మన కాళ్ల పక్కనుంచే నడిచిపోతాయి. మనుషులకే కట్టుబాట్లు. ముట్టుకోకూడదు. కళ్లలోకి చూడకూడదు, కోతుల భాషలో అది కయ్యానికి పిలవడం. తినేది ఏదీ చూపకూడదు, ఇవ్వకూడదు. సెల్ఫీ కర్ర తీయకూడదు. కుక్కలను తేకూడదు.

ఏటి పక్కన రాళ్లు పేర్చి కట్టిన తొట్టి అది. మన గుళ్ల దగ్గరి చిన్న కోనేరంత కూడా లేదు. నీళ్లు సుమారు 40 డిగ్రీల వేడి. ఆ నీళ్లు ఎవరూ కాచరు. వానా మంచూ భూమిలోకి ఇంకి, లోతున ఉన్న వేడికి కాగి, మళ్లీ పైకి ఉబికి వస్తాయి. అగ్నిపర్వతాల దేశం కాబట్టి జపాన్‌లో ఇలాంటి బుగ్గలు వేలల్లో ఉన్నాయి. వాటిని ఓన్సెన్ అంటారు. బయట చలి ఒక్కోసారి మైనస్ 10 డిగ్రీలకు దిగుతుంది.

మేము వెళ్లేసరికి నీళ్లలో ఇరవైకి తక్కువ లేవు. ఎక్కువ భాగం తల్లులూ పిల్లలే. పెద్ద మగ కోతులు నీళ్లలో దిగడం అరుదు. ఒక ముసలి కోతి రాతికి చేరబడి నిద్రపోతోంది. దాని వెనక కూర్చున్న ఇంకో కోతి బొచ్చు పాయలు తీస్తూ ఏదో ఏరి నోట్లో వేసుకుంటోంది. ఉప్పు ఏరుకుని తింటాయని మన ఊళ్లలో అంటారు గానీ, ఆ లోయలోనే పరిశోధకులు దగ్గరగా గమనించి తేల్చిందేమిటంటే, అవి ఏరేది ఎక్కువగా ఈపులనే. పిల్లకోతులు బండ మీదినుంచి నీళ్లలోకి దూకుతూ, ఒకదాని కాలు ఒకటి లాగుతూ ఆడుకుంటున్నాయి. ఒక తల్లి నీళ్లలోనే ఇటునుంచి అటు నడిచింది. దాని పొట్టకు కరుచుకున్న పసికూన ముక్కు మాత్రమే పైకి కనిపించింది. పెద్దవాళ్లు చెప్పే మర్కట కిశోర న్యాయానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. తల్లి పట్టుకోలేదు, పిల్లే పట్టుకుంది.

మేము చాలాసేపు చూసింది మాత్రం తొట్టి అంచున నిలబడ్డ ఇంకో తల్లిని. దాని వీపు మీద పిల్ల ఉంది, ఒంటి మీద మంచు ఉంది. నీళ్లలో చెయ్యి పెట్టింది. లోపల ఉన్న కోతి ఒకటి కనుబొమలు ఎగరేసి పళ్లు చూపింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. కాసేపటికి ఇంకో మూల నుంచి ప్రయత్నించింది, అక్కడా అంతే. చివరికి ఆవిరి వచ్చే ఒక రాయి చూసుకుని దాని పక్కన ముడుచుకు కూర్చుంది. తొట్టిలో చోటు లేక కాదు, కావలసినంత ఉంది.

ఈ కోతుల మీద 1980 నుంచి 2003 దాకా పోగైన లెక్కలు చూసిన పరిశోధకులు, గుంపులోని ఆడకోతుల్లో సుమారు మూడో వంతుకే స్నానం అలవాటుందని తేల్చారు. చలికాలంలో పెద్ద హోదా కోతులే ఎక్కువగా దిగుతాయి. 2018లో అచ్చయిన మరో అధ్యయనంలో 12 ఆడకోతుల పెంటికలు సేకరించి, ఒత్తిడి వల్ల పెరిగే హార్మోన్‌ను కొలిచారు. స్నానం చేసిన వారాల్లో అది తగ్గింది. హోదా ఉన్నవాటికి తగువులు ఎక్కువ, కాబట్టి ఒత్తిడీ ఉంటుంది, దాన్ని దించుకునే తొట్టీ వాటికే ముందు దక్కుతుంది.

హోదా ఎలా వస్తుందంటే, తల్లి నుంచి వస్తుంది. మగవి ఈడొచ్చాక గుంపు విడిచి పోతాయి, ఆడవి పుట్టింట్లోనే ఉండిపోతాయి. అక్కాచెల్లెళ్లలో చిన్నదానిదే పైచేయి, ఎందుకంటే తల్లి ఎప్పుడూ చిన్నదాని పక్షమే. ఈ సూత్రాన్ని 1950లలో కవమురా అనే జపాన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. మా తరగతిలో ఇది చెప్పగానే ఇంటికి పెద్దపిల్లలైన వాళ్లంతా ఒక్కసారిగా, "మా ఇంట్లోనూ అంతే!" అన్నారు.

వణుకు సంగతి. కోతి శరీరం మనంతగా చెమటలు పట్టేది కాదు. పైగా చలికాలానికి బొచ్చు ఒత్తుగా పెరుగుతుంది. బయటికి రాగానే ఒళ్లు విదిలించి, నీళ్లు రాలగొట్టి, ఒకదాన్నొకటి హత్తుకుని ముద్దలా కూర్చుంటాయి. తువ్వాలు అక్కర్లేదు.

ఇక ఆ పెన్సిలు ప్రశ్న. దానికి జవాబు కావాలంటే అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఈ స్నానం తాతముత్తాతల కాలం నుంచి ఉన్నదేమీ కాదు. పై కొండల్లో మనుషులు మంచు మీద జారే ఆటలకు మైదానాలు తయారుచేయడం మొదలుపెట్టాక, అక్కడుండే గుంపు చోటు కోల్పోయి ఊళ్ల మీదికి దిగింది. నాగానో ఆపిల్ తోటలకు పేరున్న ప్రాంతం. కోతులు తోటల్లో పడ్డాయి, రైతులు వెంటపడ్డారు. అప్పుడు కొందరు ఆలోచించి, తోటలకు దూరంగా ఈ లోయలో మేత వేసి వాటిని ఇటు మళ్లించారు. లోయలో కోరకుకాన్ అనే పాత సత్రం ఉంది, 1864 నాటిది. దానికి ఆరుబయట ఒక వేడినీటి తొట్టి. 1963లో ఒక చిన్న ఆడకోతి, నీళ్ల మీద తేలుతున్న సోయా గింజల కోసం అందులో దిగింది. గింజలు తిన్నది, బయటికి రాలేదు. దాన్ని చూసి మిగతా పిల్లలూ దిగాయి. కొన్నాళ్లకు సత్రానికి వచ్చిన మనుషులూ కోతులూ ఒకే తొట్టిలో! శుభ్రత మాటేమిటని, కోతులకు వేరే తొట్టి కట్టించారు. 1964లో ఆ చోటును వనంగా తెరిచారు. పేరు 'యాఎన్ కోఎన్'. అంటే అడవి కోతుల వనం.

అంటే మేము చూసినదాని మొదట్లో ఉన్నది కోతి తెలివి ఒక్కటే కాదు. కొండ పోవడం, తోట పాడవడం, కోపం, ఆపైన ఒక ఏర్పాటు, చివర్లో నాలుగు సోయా గింజలు. క్యాలెండర్ బొమ్మలో ఇవేవీ కనిపించవు.

కొత్త అలవాటును పిల్లలు మొదలుపెట్టడం ఇక్కడే కాదు, దక్షిణాన కోషిమా దీవిలో ఇంకా ముందే జరిగింది. క్యోటో విశ్వవిద్యాలయం నుంచి ఇమానిషి అనే ఆచార్యుడి బృందం 1952 నుంచి అక్కడి కోతులకు చిలగడదుంపలు వేస్తూ గమనించింది. 1953లో ఏడాదిన్నర వయసున్న ఒక ఆడపిల్ల, మట్టి అంటిన దుంపను నీళ్లలో కడిగి తింది. దానికి ఇమో అని పేరు, జపాన్ భాషలో దుంప అని అర్థం. మొదట చూసి చెప్పినావిడ శాస్త్రవేత్త కాదు, సత్సుఎ మితో అనే స్థానిక బడిపంతులమ్మ. ఈ పేజీ చదివే ఉపాధ్యాయులు ఆ పేరు గుర్తుపెట్టుకోవాలని మా కోరిక. ఇమోను చూసి దాని ఈడు పిల్లలు నేర్చాయి, తర్వాత దాని తల్లి నేర్చింది. పెద్ద మగవి చాలావరకు నేర్వనేలేదు. మూడేళ్లకు ఇమో ఇంకో పని చేసింది. ఇసుకలో కలిసిన గోధుమలను గుప్పిట్లో తెచ్చి నీళ్లలో వేసింది. ఇసుక మునిగింది, గోధుమలు తేలాయి.

ఒకదాన్ని చూసి ఒకటి నేర్చాయా, ఎవరికి వారే కనిపెట్టాయా అని శాస్త్రవేత్తల్లో ఇప్పటికీ వాదన ఉంది. ఇమో పోయి ఎన్నో ఏళ్లయినా ఆ దీవిలో కడిగి తినే అలవాటు మాత్రం పోలేదు. రక్తంలో లేనిది, తల్లి దగ్గర పిల్ల చూసి నేర్చుకుంటేనే నిలిచేది. ఇంట్లో అమ్మ మాట్లాడితేనే తెలుగు నిలిచే ఊళ్లలో ఉన్న మనకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మేత సంగతికి వద్దాం, అసలు చిక్కు అక్కడే ఉంది. జిగొకుదానిలో మేము ఉన్నప్పుడు వనం మనిషి ఒకాయన సంచీతో వచ్చి బార్లీ గింజలు చల్లాడు, మన రైతు విత్తనాలు చల్లినట్టు. గుట్టగా పోయలేదు. గుట్ట పోస్తే బలమున్నది ఒక్కటే ఆక్రమిస్తుంది. చల్లితే అందరూ వంగి ఒక్కో గింజా ఏరుకోవాలి, అందులోనే గంట గడిచిపోతుంది. ఆ మేత వేసేది వనంవాళ్లు మాత్రమే. వచ్చే జనం చేతిలోంచి ఆ కోతులు ఎప్పుడూ ఏమీ అందుకోలేదు. మా సంచి వైపు చూడకపోవడానికి కారణం అదే. మనిషి చెయ్యి తిండి అన్న సంగతి వాటికి ఎవరూ నేర్పలేదు.

మేత ఎక్కువైతే ఏమవుతుందో జపాన్‌కు బాగా తెలుసు. ఒయితా దగ్గర తకసకియామా అనే కొండ మీద 1953లో ఇలాంటి వనమే తెరిచారు. కడుపు నిండా తిండి దొరికేసరికి వందల్లో ఉన్న కోతులు పెరిగి పెరిగి ఒక దశలో రెండు వేలు దాటాయి. తర్వాత మేత తగ్గించుకుంటూ రావలసి వచ్చింది. దేశంలో చాలాచోట్ల రైతుల గోడు ఇప్పటికీ తీరలేదు. కరెంటు కంచెలు వేస్తారు, ఏటా వేల కోతులను పట్టి చంపుతారు కూడా. నాగానోలోనే ఓమాచి అనే ఊళ్లో కోతులను తరమడానికి కుక్కలకు శిక్షణ ఇచ్చారు. తెలంగాణ పల్లెల్లో కొండముచ్చును తెచ్చి కట్టేయడం లాంటిదే. ప్రపంచం ముద్దుచేసే కోతి, అక్కడి ఆపిల్ రైతు కళ్లకు వేరేగా కనిపిస్తుంది. ఆయనది తప్పనీ మేము అనం. పంట పోయిన ఇంటికి వెళ్లి కోతి అందం గురించి ఎవరు చెప్పగలరు?

మన కోతుల మాటకొస్తే, ఈ పేజీ చదివేవాళ్లందరి ఊళ్లో కోతి ఒకటి కాదు. కర్ణాటకలో మంగ అన్నా, తమిళనాడులో కురంగు అన్నా మీరు చూసేది తల మీద వెంట్రుకలు టోపీలా పాపిడి తీసినట్టుండి, తోక ఒంటికన్నా పొడవుండేది. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. బరంపురం పిల్లలు మాంకడ అని చూసేది వేరు, తోక పొట్టి, నడుము కింద ఎరుపు. ఈ ఉత్తరాది కోతి కొన్ని దశాబ్దాలుగా తెలంగాణ, ఆంధ్రల మీదుగా దక్షిణానికి జరుగుతూ వస్తోంది. అది వచ్చినచోట టోపీ కోతి వెనక్కి తగ్గుతోంది. జపాన్ మంచుకోతికి ఈ రెండూ దాయాదులే, ముగ్గురిదీ ఒకే వంశం.

మరి మన కోతులు ఎందుకు స్నానం చేయవు? మనకూ ఉడుకునీటి బుగ్గలున్నాయి. బరంపురం నుంచి సుమారు 50 కిలోమీటర్లలో తప్తపాణి ఉంది. భివండీలోని మన నేతపని కుటుంబాలకు వజ్రేశ్వరి దగ్గరే. కానీ అక్కడ మంచు పడదు. ఒళ్లు కాచుకోవాల్సిన అవసరమే లేనప్పుడు కోతి వేణ్నీళ్లలో ఎందుకు దిగుతుంది? జపాన్‌లో కూడా అడవిలో తిరిగే మిగతా గుంపులు ఇలా రోజూ స్నానాలకు దిగవు.

మన కోతికి కావలసింది వేరు. మైసూరు చుట్టుపక్కల రోడ్ల వెంట పరిశోధకులు పాతికేళ్ల తేడాతో లెక్కపెడితే టోపీ కోతులు సగానికి మించి తగ్గిపోయాయి. రోడ్లు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన మర్రి, రావి చెట్లే వాటి ఇల్లూ వంటిల్లూ. అంతర్జాతీయ జాబితాలో ఈ జాతిని ఇప్పుడు ప్రమాదపు అంచున ఉన్నవాటిలో చేర్చారు. రోజూ కనిపిస్తుంది కాబట్టి తగ్గుతోందని మనకు తోచదు. కనిపించేది కూడా ఎక్కడ? చెట్టు పోయాక రోడ్డు పక్కనే. కారు ఆపి, అద్దం దించి, అరటిపండు విసురుతారు. పుణ్యం అనుకుంటారు. కోతి రోడ్డు మీదికి వస్తుంది, వెనక లారీ వస్తుంది. బతికిన కోతి చేతిసంచి లాక్కోవడం నేర్చుకుంటుంది, దాని పిల్ల దాన్ని చూస్తుంది.

తిరిగొచ్చాక ఆ పెన్సిలు ప్రశ్నను తరగతిలోనే పెట్టాం. సాయంత్రం కాగానే కోతులన్నీ వాటంతటవే కొండెక్కి అడవిలో చెట్ల మీద పడుకుంటాయనీ, ఎవరూ ఆపరనీ, కొన్ని రోజులు అసలు దిగిరావనీ చెప్పాం. అయితే అడవివే అన్నారు సగంమంది. పొద్దున్నే బార్లీ లేకపోతే వస్తాయా అన్నారు మిగతా సగం. "మా నాన్న కూడా రాత్రి ఇంటికొస్తాడు, పొద్దున కంపెనీకి పోతాడు. ఆయన ఇంటి మనిషా, కంపెనీ మనిషా?" అన్నాడొకడు. గంట కొట్టేదాకా తేలలేదు.

ప్రశ్న రాసిన పిల్ల ఆ రోజంతా ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఒక రఫ్ నోటుపుస్తకం తెచ్చింది. బడి దారిలో చింతచెట్ల దగ్గర ఎన్ని కోతులున్నాయో, ఏం తింటున్నాయో రోజూ రాస్తామంది. మితో టీచర్ రాసినట్టే అంది. ఇప్పుడు వంతులవారీగా తరగతంతా రాస్తోంది. పోయిన గురువారం పేజీలో ఇలా ఉంది: "పదకొండు. అందులో రెండు పిల్లలు. చింతచిగురు తింటున్నాయి. బస్సులోంచి బన్ను విసిరారు. పెద్దది వెళ్లి తెచ్చుకుంది. పిల్ల చెట్టు మీదే ఉండి చూసింది."